ఆరో నిమిషం

లేడీస్ హాస్టల్, మెడికల్ కాలేజీ
28 జూన్ 2017

మామయ్యకు,

హైమ నమస్కరించి రాస్తున్నది. ఉత్తరం అంటే 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టాలని చిన్నప్పుడు నువ్వే నేర్పావు. ఇవాళ ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. వదిలేశాను.

నిన్ను జైల్లో పెట్టి రెండు వారాలైంది. ఒక్కసారి కూడా ములాఖత్‌కి రాలేదని కోపంగా ఉంటావు. రావాలనే అనుకున్నాను. మొన్న ఆదివారం బస్టాండు దాకా వెళ్ళి, బస్సు ఎక్కకుండా ఒక సోడా తాగి తిరిగొచ్చాను. నీ ఎదురుగా నిలబడితే ఏం మాట్లాడాలో తెలియలేదు. కాగితం మీదైతే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు కదా అని ఇలా మొదలుపెట్టాను.

పద్నాలుగో తారీఖున నువ్వు డాక్టరు గౌరునాయుడు గారిని కొట్టిన రోజు నుంచీ మా పెద్దాసుపత్రిలో సమ్మె. జూనియర్ డాక్టర్లు గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు. మాకు క్లాసుల్లేవు. ఆ కొట్టినవాడు నా మేనమామ అని ఇక్కడ ఎవరికీ తెలియదు. మెస్సులో అన్నం తింటూ నా పక్కమ్మాయి, "అలాంటోణ్ణి జన్మలో బయటికి రానీకూడదే" అంది. నేను పప్పు కలుపుకుంటూ తలూపాను. నీ లారీ బాడీల షెడ్డు సంపాదనతో చదువుకుంటున్న పిల్లని, అమ్మానాన్న పోయాక నీ ఇంట్లో పెరిగిన పిల్లని, తలూపాను. ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

అత్తయ్య బాగానే ఉంది, తింటోంది. సిద్ధూ అంత్యక్రియలన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. దాని గురించి బెంగ పెట్టుకోకు. బీపీ మాత్రలు జైలు డాక్టరుని అడిగి వేసుకో. ఆయనతో మాత్రం మెల్లగా మాట్లాడు.

నీ కోడలు,
హైమ


జిల్లా జైలు, రిమాండ్ బ్యారక్
6 జూలై

కోడలు పిల్ల హైమకి వీరాచారి మామయ్య ఆశీస్సులు.

సోడా తాగి తిరిగొచ్చావా! మంచిపని చేశావులే. ఇక్కడ ములాఖత్‌లో ఇనుప జాలీకి అటూ ఇటూ నలభై మంది ఒక్కసారే అరుస్తారు, సంతలో గొడ్ల బేరంలా ఉంటది. ఉత్తరమే నయం. కాకపోతే ముందు జైలరు గారు చదివాకే నీకొస్తది. ఆయన కుర్చీ కాలు నిన్ననే నేను సరిచేశా. సారూ, మీరు ఇది చదివేటప్పుడు వెనక్కి వాలబాకండి, జిగురింకా ఆరలేదు.

రిమాండోడికి పని లేదన్నారు. ముప్పై ఏళ్ళు లారీ బాడీలు కట్టినోణ్ణి, చేతులు ముడుచుకుని కూర్చుంటే పిచ్చెక్కుద్దయ్యా అని బతిమాలి వడ్రంగం షెడ్డులో చేరా. పగలు బానే గడుస్తది.

నువ్వు నాలుగు మాటల్లో తేల్చేశావు, 'పద్ధతి ప్రకారమే' అని. నా కొడుకుని నేను మట్టిచేయలేదు హైమా. కోర్టు పర్మిషను చేతికొచ్చేసరికి అంతా అయిపోయింది. అందుకని అడుగుతున్నా, సరిగ్గా చెప్పు. మన ఇంట్లో కాల్చం గదా, కూర్చోబెట్టి పూడుస్తాం. వాణ్ణి కూర్చోబెట్టారా? వీపు నిలబడిందా? మా అయ్యని పెట్టినప్పుడు నడుం వాలిపోతే నేను గుంటలోకి దిగి పట్టుకున్నా. వీణ్ణి ఎవరు పట్టుకున్నారు?

మీ అత్త ఒక్కసారీ రాలేదు. నా మొహం చూడబుద్ధి కావట్లేదా? అడిగి రాయి.

అసలు సంగతి. లాయరు బెయిలు పెడదామన్నాడు. నేను వద్దన్నా. బయటికొచ్చి ఏ మొహంతో ఇంటికిపోను? ముందు కేసు నడవాలి, ఆ డాక్టరు బోనెక్కాలి. బండి కింద పడి రెండు రోజులైనా నా బిడ్డ ఒళ్ళు వెచ్చగానే ఉంది, గుండె కొట్టుకుంటానే ఉంది. అద్దంలోంచి నేను చూస్తానే ఉన్నా. ఆ కుర్రడాక్టరు వచ్చి ఊపిరి గొట్టం పీకాడు. పీకి ఊరుకున్నాడా? వాచీ చూసుకుంటా నిలబడ్డాడు, బస్సు కోసం చూసేవాడిలాగా! ఏ తండ్రి ఊరుకుంటాడు? చేతికందిన సెలైను స్టాండు తీసుకుని లోపలికి పోయా. మిగతాది నీకు తెలుసు.

నువ్వు ఆ రోజంతా అక్కడే ఉన్నావు. డాక్టరు చదువు చదివేదానివి, నీ మాటకి విలువ ఉంటది. గొట్టం పీకడం నా కళ్ళతో చూశానని కోర్టులో చెప్పు. నేనింకేమీ అడగను.

మామయ్య


లేడీస్ హాస్టల్
20 జూలై

మామయ్యకు,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు పుస్తకం ముట్టుకోలేదు.

నేను చూడలేదు మామయ్యా. ఆ మధ్యాహ్నం రెండున్నరకి నేను అక్కడ లేను. టీ తాగొస్తానని నీకు చెప్పి క్యాంటీనుకి వెళ్ళాను. అక్కడ టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి అద్దం పగిలి ఉంది, గౌరునాయుడు సారు నేల మీద ఉన్నారు, నిన్ను నలుగురు పట్టుకున్నారు. చూడనిదాన్ని చూశానని ఎలా చెప్పను?

ఇంకో సంగతి. ఆయన చేసింది ఒక పరీక్ష. మెదడు చనిపోయిందో లేదో తేల్చడానికి ఊపిరి మిషను ఆపి, రోగి సొంతంగా ఊపిరి తీసుకుంటాడేమో చూస్తారు. ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. పొద్దున ఒకసారి చేశారు, అప్పుడు నువ్వు మందుల షాపుకి వెళ్ళావు. నువ్వు చూసింది రెండోది. మా పుస్తకంలో దీనికి రెండు పేజీలున్నాయి. నేను మార్కుల కోసం బట్టీపట్టాను.

సారుకి ఎడమ చేతి ఎముకలు రెండూ విరిగాయి. ప్లేట్లు వేశారు. ఎడమ చెవి వినపడటం లేదు. నీకు ఇది కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా రాస్తున్నాను.

సమ్మె ఆగింది, క్లాసులు మొదలయ్యాయి. నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పనా? వేసవిలో మా బ్యాచ్ ఒక సర్వే చేసింది, వైద్య విద్యార్థులు అవయవదానం గురించి ఏమనుకుంటున్నారని. క్లాసులో నూట నలభై ఎనిమిది మంది. అవయవదానం గొప్పదా అంటే నూట ముప్పై రెండు మంది అవునన్నారు. మీ ఇంట్లోవాళ్ళవి ఇస్తారా అనేసరికి ముప్పై ఒక్కరు మిగిలారు. చెప్పేవి శ్రీరంగనీతులు! కాగితాలు పంచింది నేనే, లెక్క కట్టింది నేనే. నా కాగితంలో 'తెలియదు' అన్న గడిలో టిక్కు పెట్టాను.

నవ్వు రాలేదు కదూ. నాకూ రాలేదు.

అత్తయ్యకు నీ మీద కోపం లేదు. ఒంట్లో కాస్త నలతగా ఉంది, అంతే.

హైమ


జిల్లా జైలు
3 ఆగస్టు

హైమకి,

నీ ఉత్తరం లాయరుకిచ్చా. చదివి ఎగిరి గంతేశాడు. "ఏమయ్యా వీరాచారీ, నీ కోడలే రాసిచ్చిందిగా, ఊపిరి మిషను ఆపి చూస్తారని! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాల?" అన్నాడు. నీకు తెలియకుండానే నా పక్క నిలబడ్డావు. జిరాక్సులు తీయించాడు.

ఊపిరి తీసుకోలేక మిషను పెట్టుకున్నోడి దగ్గర మిషను తీసేసి, తీసుకుంటాడేమో చూస్తారా? కాళ్ళిరిగినోడి కర్ర లాగేసి నడుస్తాడేమో చూసినట్టు! అదేం పరీక్ష, ఎవరు పెట్టారు మీకా పుస్తకం?

ఇంతవరకూ సంతోషం. ఇప్పుడు రెండో సంగతి. ఇక్కడ లైబ్రరీ గదిలో పాత పేపర్లు కట్టలు కడుతుంటే ఒక ఫోటో కనబడింది. టెంటు కింద తెల్లకోటు వేసుకుని ముందు వరసలో నువ్వు. నీ చేతిలో అట్టముక్క. 'దాడి చేసిన దుండగుణ్ణి కఠినంగా శిక్షించాలి.' అక్షరాలు గుండ్రంగా బాగా రాశావు. రెండో తరగతిలో ఆ గుండ్రాలు పలక మీద దిద్దించింది ఈ దుండగుడే.

పక్కనున్నోడు, "ఎవరన్నా ఆ పిల్ల, అట్టా చూస్తన్నావు?" అన్నాడు. ఎవరో తెలియదన్నా.

ఇంకోటీ నా కడుపులో ఉంది, అదీ అడిగేస్తా. ఆ పొద్దున మంచినీళ్ళ సీసా కోసం నువ్వు సంచి తెరిస్తే కాగితాలు కింద పడ్డాయి. అవయవదానం అని పెద్దక్షరాలు, కిందేమో సంతకం గీత. ఏంటివి అనడిగా. గబగబా లోపల కుక్కి, "ఏం లేదు మామయ్యా" అన్నావు. ఇంతదాకా పెంచాను, నీ గొంతులో అబద్ధం నాకు తెలవదా? వాళ్ళు గొట్టం పీకకముందే నీ సంచిలో ఆ కాగితాలెందుకున్నయ్యి? వాడు చావకముందే బేరం కుదిరిందా? చెప్పు. అందుకేనా మీ అత్త మొహం చాటేసింది?

వీరాచారి


లేడీస్ హాస్టల్
10 ఆగస్టు

మామయ్యా,

ముందుగా కాళ్ళు పట్టుకుని అడుగుతున్నా, ఆ ఉత్తరం లాయరు దగ్గర్నుంచి వెనక్కి తీసుకో. నేను రాసింది అది కాదు. మిషను తీసినా ఆక్సిజను ఆపరు. సన్నటి గొట్టంలో వదులుతూనే ఉంటారు. ఆ ముక్క రాయకుండా వదిలేశాను. పుస్తకంలో ఉన్న రెండు పేజీలు రెండు లైన్లు చేసి నీ మొహాన కొట్టాను. బుద్ధి తక్కువై అలా చేశాను.

అట్టముక్క నేనే రాశాను. 'హైమా, నీ రైటింగు బాగుంటుంది' అని అందరూ నా చేతికే స్కెచ్‌పెన్నులిచ్చారు. పన్నెండు రాశాను. రాయనంటే ఎందుకని అడుగుతారు. దుండగుడు అన్న మాటకి వచ్చేసరికి 'డ' దగ్గర ఆగాను, మళ్ళీ రాశాను. భయం మామయ్యా, ఇంకేమీ కాదు. తెలిస్తే హాస్టల్లో ఎవరూ నా పక్క కూర్చోరని భయం.

ఇక కాగితాలు. అవి మా సర్వేలో పంచగా మిగిలిపోయిన కరపత్రాలు, కింద గీత దానానికి ఒప్పుకునేవాళ్ళ సంతకానికి. వారం నుంచీ సంచిలోనే పడి ఉన్నాయి. నాకు బేరమూ లేదు, ఏమీ లేదు. కానీ నువ్వు అడిగిన నిమిషాన ఆ మాటే చెప్పాల్సింది. చెబితే, 'అవయవాలు ఎప్పుడు తీసుకుంటారు?' అని నువ్వు అడుగుతావు. మెదడు చనిపోయినప్పుడు అనాలి. పొద్దున చేసిన మొదటి పరీక్షలో సిద్ధూ ఊపిరి తీసుకోలేదని నాకు అప్పటికే తెలుసు. సిస్టరు చెప్పింది. రెండున్నరకి రెండో పరీక్ష అనీ తెలుసు. మిషను తీస్తారనీ, నువ్వు అద్దం దగ్గరే ఉంటావనీ కూడా తెలుసు. నీకు అర్థమయ్యేలా చెప్పగలిగినదాన్ని ఆ వరండాలో నేనొక్కదాన్నే. టీ తాగొస్తానన్నాను.

అదీ నా సంగతి. నువ్వు కొట్టిన దెబ్బలో సగం నాది.

మొన్న గౌరునాయుడు సారు రూముకి వెళ్ళి నేనెవరో చెప్పేశాను. ఆయనది పార్వతీపురం దగ్గర పల్లె. చేయి మెడకి కట్టుకుని ఒంటిచేత్తో చపాతీ తుంచుకుంటున్నారు. "ఏటమ్మా, ఆయన మీ మావా? మరి ఇన్నాల్లూ సెప్పలేదేటి?" అన్నారు. నేను ఏడుస్తుంటే, "ఊరుకో. నాదీ తప్పుంది. లోపలికెల్లే ముందు ఆయనకి రెండు ముక్కలు సెప్తే అయిపోను. పొద్దుటేల పరీక్షప్పుడు ఎవులూ లేరు, ఇప్పుడూ ఉండరనుకున్నాను. ఆరో నిమిసం నడస్తంది, ఇంకో నాలుగు నిమిసాలు... ఆయన తలుపు తోసుకొచ్చీసినాడు," అన్నారు. వాళ్ళమ్మకి బండి మీంచి పడ్డానని చెప్పారట. డాక్టరుని చేస్తే జనం కొడతారని తెలిస్తే ఆవిడ ఊళ్ళోకి లాక్కుపోతుందట. "ఎడం సెవి ఎప్పుడూ గుయ్యిమంటాది. మాయమ్మ ఫోను కుడి సెవికి పెట్టుకుంతన్నాను," అన్నారు.

కాలేజీలో ఇప్పుడు కొత్త సర్వే, డాక్టర్లపై దాడుల మీద. 'మీపై గానీ మీకు తెలిసినవారిపై గానీ దాడి జరిగిందా?' అవును, కాదు. కొట్టినవాడు మీకేమవుతాడు అని అడిగే గడి అందులో లేదు. నేను ఖాళీగా ఇచ్చేశాను.

జవాబు రాయి. తిడుతూ అయినా రాయి.

హైమ


జిల్లా జైలు
2 సెప్టెంబరు

హైమకి,

జవాబు రాయకూడదనుకున్నా. నిన్న మన షెడ్డులో పనిచేసే మస్తాన్ వలి ములాఖత్‌కి వచ్చాడు. షెడ్డు అద్దె సంగతి మాట్లాడి పోయేవాడే. పోతా పోతా నా చెయ్యి పట్టుకుని, "మేస్త్రీ, మన సిద్ధూ ఐదుగురికి పనికొచ్చాడంట, వదిన గొప్ప పని చేసింది," అన్నాడు. నాకు తెలుసనుకున్నాడు పాపం.

మూత్రపిండాలు, కాలేయం, కళ్ళు. నా కొడుకు కళ్ళు!

రెండు నెలల నాడే అడిగా, కూర్చోబెట్టారా, వీపు నిలబడిందా అని. పద్ధతి ప్రకారం అన్నావు. ఏం పద్ధతే అది? లోపలంతా డొల్ల చేసి కూర్చోబెట్టారా? బేరం లేదని పదో తారీఖున రాశావు, నేను నమ్మబోయా. రెండు రోజులు తిండి కూడా తిన్నా, పిల్ల నిజం చెప్పిందిలే అని.

నన్ను లాకప్పులో పెట్టి మీ అత్త చేత సంతకం పెట్టించారు. ఇది లాయరుకి చెప్పా. వచ్చే నెల కోర్టులో నేనే చెబుతా, అవయవాల కోసం నా బిడ్డని బతికుండగానే చంపారని. మీ ఆసుపత్రి, మీ డాక్టర్లు, మీ తెల్లకోట్లు అందరి పేర్లూ చెబుతా. మీ అత్త పేరూ చెబుతా. నీదీ చెబుతా.

నాకు కొడుకూ లేడు, కోడలూ లేదు. ఇక రాయబాకు.

వీరాచారి


లేడీస్ హాస్టల్
10 సెప్టెంబరు

మామయ్యా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి చదివి చింపెయ్యి. ఈసారి ఏదీ వదలను.

నువ్వు లోపలికి రావడంతో ఆ రెండో పరీక్ష సగంలో ఆగిపోయింది. వెంటనే మిషను మళ్ళీ పెట్టేశారు. ఆ రాత్రంతా సిద్ధూ మిషను మీదే ఉన్నాడు. మర్నాడు పదిహేనో తారీఖు పొద్దున తొమ్మిదీ నలభైకి ఆ రెండో పరీక్షనే మళ్ళీ మొదటి నుంచీ చేశారు. అప్పుడు నేను లోపల ఉన్నాను. తెల్లకోటు వేసుకుని, నేర్చుకోవడానికి వచ్చిన స్టూడెంటులా వెళ్ళి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాను. ముందురోజు పారిపోయాను, ఆ రోజు పారిపోలేదు. ఇది గొప్ప కాదు. ఆలస్యమైంది.

నలుగురు డాక్టర్లున్నారు. ముందు పావుగంట మిషనులోంచి వట్టి ఆక్సిజనే పంపారు, ఒంట్లో నిండుగా ఉండాలని. రక్తం తీశారు. తర్వాత మిషను విప్పి, సన్నటి గొట్టంలో ఆక్సిజను వదిలారు. గోడ గడియారం చూసి ప్రొఫెసరు గారు "స్టార్ట్" అన్నారు. గది నిశ్శబ్దంగా అయింది. ఆ మిషను చప్పుడు లేకపోతే అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు.

నేను దుప్పటి మీంచి వాడి ఎడమ పాదం పట్టుకున్నాను. ఎనిమిదేళ్ళప్పుడు నీ ఉలి జారి బొటనవేలు తెగింది గుర్తుందా? నువ్వు పసుపు అద్దుతుంటే నేను గుడ్డ చింపిచ్చాను. ఆ మచ్చ చేతికి తగిలింది. పాదం వెచ్చగానే ఉంది, నువ్వు రాసినట్టే. గుండె కొట్టుకుంటోంది. నేను ఛాతీ వంక చూస్తూ నిలబడ్డాను.

ఒక నిమిషం అయింది. రెండు అయ్యాయి. మనం ఊపిరి బిగబడితే ఒంట్లో చెడుగాలి పెరుగుతుంది. పెరిగేకొద్దీ మెదడు 'పీల్చు, పీల్చు' అని తంతుంది. ఎంత పంతం పట్టినా నోరు తెరిపించి పీల్పిస్తుంది. మెదట్లో ఏ మూల ప్రాణం ఉన్నా ఆ పని చేస్తుంది. అదే ఆ పరీక్ష. వాడి ఊపిరి ఆపడానికి కాదు మామయ్యా, వాడు ఒక్క ఊపిరైనా తీసుకుంటాడేమోనని. గౌరునాయుడు సారు వాచీ చూస్తూ నిలబడిందీ దాని కోసమే. వాడు ఒక్కసారి పీల్చి ఉంటే ఆయనే ముందు మిషను పెట్టేవారు.

నాలుగో నిమిషంలో నేను వాడి బదులు పెద్దగా ఊపిరి తీస్తున్నానని గమనించి సిస్టరు నా భుజం మీద చెయ్యి వేసింది. ఆరో నిమిషం వచ్చింది. ముందురోజు నువ్వు తలుపు తోసింది అప్పుడే. సరిగ్గా ఆ వేళకి వాడి చూపుడువేలు చిన్నగా కదిలింది. "కదిలాడు! మామయ్యా, కదిలాడు!" అని నేను కేక పెట్టాను. నువ్వు అక్కడ లేవు, అయినా నిన్నే పిలిచాను. ప్రొఫెసరు గారు నావంక చూసి, "అది వెన్నులోంచి వచ్చే కదలిక తల్లీ. ఛాతీ చూడు," అన్నారు. అది కూడా పుస్తకంలో ఉంది. ఆ పేజీ మీద నాకు పదికి తొమ్మిది మార్కులొచ్చాయి. చదివిన నేనే అరిచాను. ఏమీ చెప్పకుండా అద్దం బయట నిలబెట్టిన నువ్వు అరవడంలో ఏం తప్పుంది?

ఏడు. ఎనిమిది. ఛాతీ కదల్లేదు. తొమ్మిది. పది. మళ్ళీ రక్తం తీశారు. చెడుగాలి ఎంత పెరగాలో అంతకన్నా ఎక్కువే పెరిగింది. వాణ్ణి ఎవరూ తన్నలేదు లోపల్నుంచి. నేను పాదం వదల్లేదు, సిస్టరు వేళ్ళు విడదీసింది.

ఆ తర్వాతే అత్తయ్యను పిలిచి చెప్పారు. ఎవరూ బలవంతపెట్టలేదు. దానం గురించి చెప్పే ఆవిడ అంతా చెప్పి, ఇష్టం లేకపోతే లేదనండి చాలు అంది. అత్తయ్య నావైపు తిరిగి, "నువ్వయితే ఇస్తావా హైమా?" అంది. కరపత్రాలు పంచినదాన్ని, తెలియదన్నాను. తనే అంది: "మీ మామ ఆ డాక్టరు పిల్లోడికి చేసిన పనికి నేనేం చెయ్యగలనే? వాడిదీ ఒక అమ్మ కన్న ఒళ్ళేగా. సిద్ధూ బతికుంటే వాడే వెళ్ళి కాళ్ళు పట్టుకునేవాడు. వాడి తరఫున ఇదన్నా చేస్తా." సంతకం పెట్టింది. కాగితంలో తల్లి సంతకం కింద తండ్రి సంతకానికి ఒక గీత ఉంది. "ఆయన లేకుండా ఎట్టా?" అంది. ఒక్కరిది చాలన్నారు. ఆ గీత ఖాళీగానే ఉంది. దాని వల్లే అత్తయ్య నీ దగ్గరికి రాలేకపోతోంది. నలత అని నేను అబద్ధం రాశాను.

ఇప్పుడు నువ్వు అడిగింది. కూర్చోబెట్టాం మామయ్యా. కుట్లు కనపడకుండా వాడి నీలం చొక్కా వేశాం. కళ్ళు మూసి ఉన్నాయి, నిద్రపోతున్నట్టే. నడుం నిలవదేమోనని అత్తయ్య మస్తాన్‌ని షెడ్డుకి పంపి, నువ్వు చిత్రిక పట్టి పెట్టుకున్న టేకు పలక తెప్పించింది. గుంటలోకి దిగడానికి మగవాళ్ళు ముందుకొస్తే, వద్దని తనే దిగి పలక వీపుకి ఆనించింది. వాడి వీపు నిలబడింది. వాణ్ణి పట్టుకుంది నీ పలకే.

కోర్టుకి వస్తాను. ఇదంతా చెబుతాను. టీ తాగడానికి వెళ్ళిన సంగతి కూడా చెబుతాను. తర్వాత కాలేజీ ఏమన్నా అననీ.

హైమ


జిల్లా జైలు
1 అక్టోబరు

హైమకి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇరవై రోజులు దగ్గర పెట్టుకున్నా. మొదటిసారి సగంలో మడిచేశా. రెండోసారి పలక దాకా చదివా. ఆ పలక లారీ వెనక తలుపుకని తీసి పెట్టింది. ముడి లేని చెక్క. సిద్ధూనే ఎంచాడు, కోతమిల్లులో.

నీ మాట నమ్మకూడదనే అనుకున్నా. పుస్తకం చదివినోళ్ళు ఏదైనా చెబుతారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం, బ్యారక్‌లో అందరూ పడుకుని ఉంటే, పక్కనున్నోణ్ణి లేపి వేళ్ళు లెక్కపెట్టమన్నా. ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టా. నా కొడుకు పది నిమిషాలు ఊపిరి పీల్చకపోతే, నేను ఎంతసేపు ఆగగలనో చూద్దామని. ఆపి తీరాలనే పట్టా హైమా. పళ్ళు కరుచుకున్నా, మంచం పట్టె పట్టుకున్నా. వాడు నలభై ఎనిమిది అన్నాడు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. లోపల ఎవరో ఎగిరి తన్నినట్టే, నువ్వు రాసినట్టే. మళ్ళీ పట్టా. నలభై ఒకటి. మూడోసారి ఇంకా తక్కువ. వాడు భయపడి, "ఏందన్నా, చస్తావా ఏంది?" అని నీళ్ళు తెచ్చాడు.

ఒక నిమిషం కూడా నావల్ల కాలేదు. సిద్ధూ పది నిమిషాలు ఊరుకున్నాడు.

మూడున్నర నెలలుగా నేను ఆ తలుపు దగ్గరే ఉన్నా. ఇంకో నిమిషం ముందు పోయుంటే బతికేవాడని ఒకటే లెక్క. ఇవాళ రాస్తన్నా. నేను పోయేసరికే సిద్ధూ లేడు. నేను ఉత్త పుణ్యానికి ఆ పార్వతీపురం పిల్లోడి చెయ్యి విరగ్గొట్టా. ఆయన చెవిలో హోరు నేను తీయలేను. వాళ్ళమ్మకి నిజం తెలిసే రోజొస్తే, నన్ను చూపించి వీడే కొట్టాడని చెప్పమను.

నిన్నూ అడగాల్సింది ఉంది. ఆ పొద్దున నువ్వు చెప్పాల్సింది. చెప్పుంటే నేను కొట్టకపోయేవాణ్ణేమో. కొట్టేవాణ్ణేమో కూడా. అది నాకూ తెలియదు, నువ్వూ నీ మీద వేసుకోబాకు. ఒకటి మాత్రం చెయ్యి. రేపు డాక్టరువయ్యాక, అద్దం బయట నాలాంటోడు ఎవడన్నా నిలబడితే, టీ తర్వాత తాగు. ముందు వాడికి చెప్పు.

లాయరు దగ్గర్నుంచి జిరాక్సులన్నీ వెనక్కి తెప్పించా. ఈ నెల పదిహేడున వాయిదా. నేరం ఒప్పుకుంటా. ఎన్నేళ్ళేస్తే అన్నేళ్ళు. నువ్వు రానవసరం లేదు, వస్తే మాత్రం భయపడకుండా నా కోడలినని చెప్పుకుని రా. నీ అట్టముక్కకి నేనేం అనుకోవట్లా. అందులో రాసింది అబద్ధం కాదు.

మీ అత్తని ములాఖత్‌కి తీసుకురా. ఒక్కతే రాగలిగే మనిషి కాదు, జాలీ దగ్గర బెదిరిపోతది. వచ్చేటప్పుడు ఆ సంతకం పెట్టిన కాగితం నకలు తెమ్మను. కింద గీత ఖాళీగా ఉందన్నావుగా. జైలరు గారిని అడిగా, పెన్ను ఇస్తానన్నాడు.

మామయ్య